వాడ ముచ్చట్లు 23: ఫార్మాట్ ఒక్కటే ఇలాజు కాదు



పోయిన వారం పోస్టు చదివి హాస్టల్ తమ్ముళ్లు కొందరు అడిగిన్రు, కులం ముచ్చట నడుమ ఈ కంప్యూటర్ గోలేందన్నా అని. ఈ ఆదివారం మొత్తం కంప్యూటర్ గోలే. పొడుగున్నది, ఓపిక చేసుకొని చదవండి. యూనివర్సిటీల్లో ఉన్నోళ్లు, ఊర్లల్లో సంఘం గదులు నడిపేటోళ్లు తప్పకుండ చదవాలె.

మన పిల్లలు అందరికంటే ఎక్కువసార్లు విన్న టెక్నికల్ మాట "ఫార్మాట్ కొట్టాలె". సిస్టం నెమ్మదైతే ఫార్మాట్. తెర నల్లగైతే ఫార్మాట్. పాస్‌వర్డ్ కొట్టినంక లోపలికి పోకపోతే ఫార్మాట్. ఐదు వందలు ఇయ్యి, రేపు పొద్దుమీకి రా. లోపల ఏమున్నయని అడగరు. మనం చెప్తే "ఫోటోలుంటే ముందే తీసుకోవాలె కదా" అంటరు. అదే డబ్బా ఏ షావుకారి దుకాణం లెక్కల డబ్బానో అయితే ఇద్దరు ముగ్గురు కూసోని నెత్తులు పట్టుకుంటరు, ఒక్క బిల్లు పోవద్దని. మన గదిలోని డబ్బాలో పోగొట్టుకునేంత విలువైంది ఏముంటదని వాళ్ల లెక్క. ఆ లెక్క మీద నాకు కోపం. ఈ పోస్టు ఆ కోపంలకెల్లి వచ్చిందే.

బుగ్గారం తెలువనోళ్లకు: జగిత్యాల జిల్లాలో ఒక మండలం. ఒకప్పుడు అసెంబ్లీ నియోజకవర్గం పేరు, 2009 ఎన్నికల నాటికి ఆ పేరు పోయింది. 2016లో కొత్త జిల్లాలొచ్చినప్పుడు మండలం పేరై మళ్లీ కాగితం మీదికెక్కింది. మా దిక్కు సంగతి మీకు ఎరుకే, ఇంట్ల ఆడోళ్లు బీడీలు చేస్తరు, మొగోళ్లు గల్ఫ్‌ల ఉంటరు. అక్కడ వాడలో ఒక సంఘం గది ఉన్నది. గోడకు బాబాసాహెబ్ ఫోటో, ఒక బీరువా, రెండు బెంచీలు, ఒక పాత కంప్యూటర్. ఆ కంప్యూటర్ హైదరాబాద్‌ల ఒక అన్న తన ఆఫీసులో పక్కకు పెట్టినదాన్ని అడుక్కొని పంపిండు. నాలుగు జీబీ మెమరీ. విండోస్ 10కు కంపెనీ మద్దతు 2025 అక్టోబర్ 14 నాడు ఆగిపోయింది, ఈ డబ్బా 11కు ఆనదు. పారేసుడా, లినక్స్ వేసుడా అంటే లినక్స్ వేసినం. తేలికగ నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ పెట్టినం.

లినక్స్ అంటే ఇంజనీర్ల పని అనుకోకండి. హైదరాబాద్‌లో 2005ల మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తేవాలని ఏండ్లకేండ్లు పనిచేసింది. బెంగళూరులో ఒక బస్తీలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అని పేరు పెట్టి పాత కంప్యూటర్ల మీద బస్తీ పిల్లలకు నేర్పిన్రు. మనం కొత్తగ మొదలుపెట్టిందేం కాదు.

ఆ డబ్బాలో ఐదుగురికి ఐదు అకౌంట్లున్నయి. లినక్స్‌లో ఎవరి అకౌంట్ వాళ్లకు ఒక ఇల్లు, దాని పేరే హోమ్. నీ ఫైళ్లు, నీ తెర మీది బొమ్మ, మెనూ పట్టీ పైన ఉండాల్నా కింద ఉండాల్నా, తెలుగు కీబోర్డు ఏది, ఇవన్నీ నీ ఇంట్లనే రాసి ఉంటయి. ఒకరింట్ల దీపం ఆరితే పక్కింట్ల ఆరదు. ఈ ముక్క మనసులో పెట్టుకోండి, కథంతా దీని మీదనే.

ఆ ఐదుగురిలో ఒక చెల్లె డిగ్రీ ఆఖరి సంవత్సరం. తల్లి బీడీలు చేస్తది, తండ్రి దుబాయ్‌ల ఉంటడు. పేరు రాయను. కాలేజీలో ప్రాజెక్టు చేయమంటే అందరు నెట్‌లకెల్లి దించుకుంటరు కదా, ఈమె మాత్రం వాడలో ముసలోళ్ల దగ్గర కూసోని తోలు పని మాటలు రాసుకునుడు మొదలుపెట్టింది. లంద, ఆరె, తంగేడు చెక్క, వారు, మోటకు కట్టే తొండం, డప్పు సిర్ర. ఇప్పుడు ఆ పని చేసేటోళ్లు లేరు, లందలు పూడిపోయినయి. మాటలు నలుగురైదుగురు ముసలోళ్ల నోట్లనే ఉన్నయి. పని పోతే పీడ పోయిందనేటోళ్లు మనలోనే ఉన్నరు, వాళ్ల బాధ నాకు ఎరుకనే. ఆ వాసన, ఆ చీదరింపు ఎవరికి కావాలె. కాని ఆ పనిలో ఉన్న తెలివి, పచ్చి తోలు కుళ్లకుంట ఎట్ల మెత్తబడుతదో తెలిసిన లెక్క, అది మన తాతలది. దాన్ని కూడా వాసనతోటే పూడ్చిపెడితె ఎట్ల?

ఆమె రాసుకునే పద్ధతి జర విచిత్రం. లిబ్రెఆఫీస్‌లో తెలుగు స్పెల్లింగ్ చూసే ఏర్పాటు ఉంటది. తెలియని మాట కొడితె కింద ఎర్రగీత పడుతది. లంద అని కొట్టింది, ఎర్రగీత. సిర్ర అని కొట్టింది, ఎర్రగీత. మన మాటలకు ఎర్రగీత కొత్తేం కాదు, బడిలో పంతులు పెట్టిండు, పరీక్ష పేపర్ మీద పెట్టిన్రు, ఇప్పుడు మిషన్ పెడుతున్నది. ఈ పిల్ల దాన్నే కొలతగ పెట్టుకున్నది. "ఎర్రగీత పడ్డదంటే వాళ్ల నిఘంటువుల లేదన్నట్టే కదన్నా, అయితే అది మనదే" అన్నది. మాట మీద కుడి బటన్ నొక్కి నిఘంటువులో చేర్చు అని కొడుతది. గీత పోతది. మళ్లీ ఇంకో మాట. రాసిన కాగితాన్ని చాలాసార్లు సేవ్ కూడ చేసేది కాదు, మాట లోపలికి పోయింది కదా అని. పద్నాలుగు నెలలు ఇదే పని. ఎక్కువ మాటలు చెప్పిన తాత పోయిన ఏడు వానకాలంలో చనిపోయిండు. ఫోన్‌లో రికార్డు చేసిన ముచ్చట్లు మెమరీ నిండి ఎప్పటికప్పుడు తీసేసింది. అంటే ఆ మాటలు ఉన్నదల్లా ఆ డబ్బాలోనే, అది గూడ ఎక్కడున్నయో ఆమెకే తెల్వని ఒక ఫైలులో.

ఒకనాడు రాత్రి రాస్తుంటే కరెంటు పోయింది. మళ్లొచ్చినంక అకౌంట్ తెరిస్తే బొమ్మ ఉన్నది, కింది పట్టీ లేదు, మెనూ లేదు. పక్క టౌన్ దుకాణంలో పనిచేసే పిలగాడు వచ్చి చూసిండు. సంఘం అన్నను ఫోన్‌లో అడిగి అడ్మిన్ పాస్‌వర్డ్ తీసుకున్నడు, ఆమె అకౌంట్‌లనే ఏవేవో కొట్టిండు. అంతకుముందు తెరన్న వచ్చేది, ఆయన పోయినంక అది కూడ రాలేదు. పాస్‌వర్డ్ కొడితె ఒక్క నిమిషం నల్లగై మళ్లీ పాస్‌వర్డ్ అడిగే కాడికే వస్తున్నది. "మొత్తం కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టాలె" అని చెప్పి పోయిండు. ఆ పిలగాని మీద నాకు కోపం లేదు, వానికి ఎవరు నేర్పిన్రు కనుక. చెల్లె నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "అన్నా, తాత మాటలు పోతయా?" దేన్నీ ముట్టకుమని చెప్పి తెల్లారి పోయిన.

ఇక్కడ జర నిమ్మళంగ చెప్త. మీరు రేపు చేయాల్సి రావొచ్చు.

మొదలు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. మిగిలిన నలుగురి అకౌంట్లు తెరుచుకుంటున్నయా? తెరిచి చూసినం, మంచిగనే ఉన్నయి. అంటే డబ్బా మంచిదే, డిస్క్ మంచిదే, లినక్స్ మంచిదే. ఖరాబైంది ఆమె ఇంట్ల ఏదో. నిమిషం పట్టని ఈ ప్రశ్నకు ఫార్మాట్ అనే మాట అక్కడికక్కడ చచ్చిపోతది. ఒక్కటే అకౌంట్ ఉన్న డబ్బా అయితే పరీక్షకు ఒక కొత్త అకౌంట్ చేసి చూడాలె.

రెండోది. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్తది. ఇక్కడ చెప్తలేదు, తీసుకుంటున్నది, లోపలికి పోయి వెనక్కొస్తున్నది. అంటే గడప దాటినంక ఏదో అడ్డం తగులుతున్నది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 మూడు కలిపి నొక్కితే బొమ్మలు లేని నల్లతెర వస్తది, ఉత్త అక్షరాలే. అక్కడ పేరు, పాస్‌వర్డ్ కొట్టుమన్న. లోపలికి పోయింది. ఫైళ్ల జాబితా అడిగితే వరుసగ వచ్చినయి. "అన్నా, ఉన్నయి!" అని ఎగిరింది. తెర పోయినంత మాత్రాన ఇల్లు పోదు.

డిస్క్ నిండిందా అని కూడ చూసినం, సగమే నిండింది. నిండినప్పుడు కూడ ఇట్లనే గడప దాక పోయి వెనక్కొస్తది. సినిమాలు దించి పెట్టే తమ్ముళ్లు యాదికుంచుకోండి.

ఏమన్న మార్చే ముందు ఆమె ఇంటినంత టార్ అనే ఆజ్ఞతో ఒక్క మూటగ కట్టి పెన్‌డ్రైవ్‌లో పెట్టినం. మూట కడితే ఏ ఫైలు ఎవరి పేరు మీద ఉన్నదో ఆ రాత కూడ మూటలో ఉంటది.

ఇగ దాచిన ఫైళ్లు. లినక్స్‌లో పేరు చుక్కతో మొదలైతే ఆ ఫైలు మామూలుగ కనిపించదు. సెట్టింగులన్నీ ఇట్ల చుక్క పేర్లతోనే ఉంటయి. ఇదేదో గొప్ప ఆలోచనతో పెట్టిన ఏర్పాటు అనుకునేటోన్ని. యూనిక్స్ తయారైన కాడ పనిచేసిన రాబ్ పైక్ 2012లో రాసిండు, అది అనుకోకుంట జరిగిందట. ప్రతి ఫోల్డర్‌లో ఒక చుక్క, రెండు చుక్కలు అని రెండు పేర్లు ఉంటయి. అవి జాబితాలో రాకుండ ఉండాలని మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్యి అని అడ్డదారిలో రాసిన్రట. దాంతోటి చుక్కతో మొదలయ్యే ప్రతి పేరు కనబడకుంట పోయింది. ఎవరో తమ సులువు కోసం రాసిన ఒక్క వరుసకు యాభై ఏండ్లుగ కొన్ని పేర్లు జాబితాలో లేవు. ఎక్కువ చెప్పను, మీకు అర్థమైతది.

దాచినవి కూడ చూపియ్యుమని ఎల్‌ఎస్‌కు ఏ అని తగిలించి, యజమాని పేర్లతో సహా అడిగినం. ప్రతి వరుసలో ఆమె పేరుండాలె. కాని ఎక్స్ అథారిటీ అనే చుక్క ఫైలు ముందర రూట్ అని ఉన్నది. రూట్ అంటే సిస్టంకు మొత్తం పెద్ద, అడ్మిన్ అధికారం. ఐస్ అథారిటీ ముందర రూట్. కాన్ఫిగ్ ఫోల్డర్‌లో కొన్నింటి ముందర రూట్. తెర తెరిచేటప్పుడు సిస్టం ఆమె పేరు మీద ఆ ఫైళ్లలో రాయాలని పోతున్నది, నీకు హక్కు లేదని వెనక్కి తోస్తున్నది. ఎక్స్ సెషన్ ఎర్రర్స్ అనే ఇంకో చుక్క ఫైలులో అదే రాసున్నది, పర్మిషన్ డినైడ్.

ఇది చూసి చెల్లె అన్న మాట రాయకుంట ఉండలేను. "నా ఇంట్ల నాకు హక్కు లేదా అన్నా?" మా దిక్కు 2020లో ధరణి వచ్చినంక ఎంతమంది మీసేవ కాడ ఇదే మాటన్నరో. దున్నేది మనమే, కాగితంల నిషేధిత జాబితా. ఆ ముచ్చటకు వేరే పోస్టు కావాలె.

అది ఎట్లయింది? ఆ పిలగాడు ఆమె అకౌంట్‌ల కూసోని సుడోతో, అంటే రూట్ అధికారంతో, తెరను మొత్తం కొత్తగ నడపాలని చూసిండు. కొన్ని సిస్టంలలో అట్ల చేస్తే ఆ అకౌంట్ ఇంట్ల తయారైన ఫైళ్లు రూట్ పేరు మీద పడుతయి. తెర ప్రోగ్రాములను సుడోతో నడపకండి, ఎవలు చెప్పినా సరే. మందు సులువే. నల్లతెరలో అడ్మిన్ అకౌంట్‌తో పోయి, యజమానిని మార్చే ఆజ్ఞ, సీ హెచ్ ఓ డబ్ల్యూ ఎన్ అని ఐదక్షరాలు, ఆమె హోమ్ ఫోల్డర్ మీద మాత్రమే లోపలున్న వాటన్నిటికి కలిపి కొట్టాలె. పొరపాటున మొత్తం డిస్క్ మీద కొడితె అప్పుడు నిజంగనే ఫార్మాట్ కొట్టాల్సి వస్తది. రెండుసార్లు చదివి ఎంటర్ నొక్కండి.

పాస్‌వర్డ్ కొట్టినం. తెర వచ్చింది! బొమ్మ వచ్చింది. పట్టీ మాత్రం లేదు. పిలగాడు చేసింది పోయింది, కరెంటు చేసింది మిగిలింది.

ఇక్కడ నెట్‌లో మూడు రకాల సలహాలుంటయి. ఒకటి, కొత్త అకౌంట్ చేసుకొని పాత ఫైళ్లు అందులోకి కాపీ చేసుకో. రెండు, కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తం తుడిచెయ్యి, మళ్లీ అదే తయారైతది. మూడోది మనకు ఎరుకైన ఫార్మాటే. మొదటి రెండు చెప్పేటోళ్లు అబద్ధం చెప్తలేరు, తెర నిజంగనే వస్తది. కాని చెల్లె నిఘంటువు ఎక్కడుంటదో చూడండి. కాన్ఫిగ్‌లో లిబ్రెఆఫీస్ ఫోల్డర్, దాంట్ల యూజర్, దాంట్ల వర్డ్‌బుక్, దాంట్ల స్టాండర్డ్ అనే చిన్న ఫైలు. కాన్ఫిగ్ తుడిస్తే అది పోతది. కనబడే ఫైళ్లు మాత్రమే ఎంచుకొని కొత్త అకౌంట్‌లోకి కాపీ చేస్తే చుక్క ఫోల్డర్ ఎనుకనే ఉండిపోతది, పాత అకౌంట్ తీసేసిన్నాడు అదీ పోతది. సెట్టింగులంటే చెత్త కాదు దోస్తులారా. మనిషి రోజు కొంత కొంత చేసిన పని కూడ అందులోనే ఉంటది.

ఆ ఫైలును మామూలు అక్షరాల ఎడిటర్‌లో తెరిచిన. ఎవరైన చదవొచ్చు. తలమీద నాలుగు వరుసలు దాని సొంత రాత, ఆ తర్వాత వరుసకు ఒక్క మాట. మొత్తం 416 వరుసలు. తలమీది నాలుగు తీసేస్తే 412 మాటలు. చెల్లె తెర దగ్గరికి మొఖం పెట్టి ఒక్కొక్కటి చదువుతుంటే నేను బయటికిపోయి చాయ్ తాగొచ్చిన. బాబాసాహెబ్ పాలీ భాషకు నిఘంటువు తయారుచేసిండని మనలో ఎంతమందికి ఎరుక? ఆయన రచనల 16వ సంపుటి అదే. రాజ్యాంగం ముచ్చట అందరు చెప్తరు, పొద్దున్నుంచి రాత్రి దాక మాటకు మాట అర్థం రాసుకుంట కూసున్న మనిషి ముచ్చట ఎవరు చెప్పరు.

ఇగ పట్టీ. మళ్లీ బయటికొచ్చి నల్లతెరకు పోయినం. ఇది ముఖ్యం. ఎక్స్‌ఎఫ్‌సీఈ నడుస్తున్నప్పుడు సెట్టింగులను మెమరీలో పట్టుకొని ఉంటది, మీరు ఫైలు మార్చినా పోయేటప్పుడు పాతదే మళ్లీ రాయొచ్చు. అందుకే తెర మూసి చేయాలె. కాన్ఫిగ్‌లోపల ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అనే ఫోల్డర్‌లో పట్టీకి ఒక ఫైలు, డెస్క్‌టాప్‌కు ఒకటి, కీబోర్డు షార్ట్‌కట్లకు ఒకటి, ఇట్ల వేరువేరు ఫైళ్లుంటయి. సైజులు చూస్తే అన్నిటికి ఎంతో కొంత ఉన్నది, పట్టీ ఫైలుకు సున్న. తేదీ, కరెంటు పోయిన రాత్రిది. రాస్తున్న నడుమ కరెంటు పోతే ఇట్ల పేరు మిగులుతది, లోపలి రాత మిగలదు. ఇంత పెద్ద డబ్బాకు ఫార్మాట్ శిక్ష వేసింది ఈ ఒక్క సున్న ఫైలు.

ఆ ఒక్క ఫోల్డర్ పేరు మార్చినం, చివర పాత అని తగిలించి. తుడవలేదు. పేరు మారితే సిస్టంకు అది దొరకదు, కొత్తది తయారుచేసుకుంటది, పాతది మనదగ్గరనే ఉంటది. క్యాష్ ఫోల్డర్‌లో సెషన్స్ అని ఒకటుంటది, పోయినసారి తెర మీద ఏమున్నదో దాచుకునేది. పట్టీ లేని తెరను మళ్లీ అట్లనే తెచ్చి పెడుతదని దాని పేరు కూడ మార్చినం. లోపలికి పోతే పట్టీ వచ్చింది, మెనూ వచ్చింది. తెర మీది బొమ్మ మాత్రం మారిపోయింది, సావిత్రీబాయి ఫులే ఫోటో పోయి కంపెనీ బొమ్మ వచ్చింది. అది పెట్టుకునుడు ఎంతసేపు. షార్ట్‌కట్ల ఫైలు పాత ఫోల్డర్‌లో మంచిగనే ఉండె, మళ్లీ నల్లతెరకు పోయి దాన్ని ఒక్కదాన్ని కొత్తదాంట్లకు తెచ్చుకున్నది. అది నేను చేయలేదు, ఆమెనే చేసింది.

అన్నీ అయినంక లిబ్రెఆఫీస్ తెరిచింది. లంద అని కొట్టింది. కింద గీత లేదు.

ఆ రోజు ఆ ఫైలు మూడు ఫోన్లకు పంపినం, ఒక ప్రింటు తీసి బీరువాలో పెట్టినం. గదికి యూపీఎస్ కావాలె, చందా వేసుకుంటున్నం, ఇయ్యగలిగినోళ్లు నాకు మెసేజ్ పెట్టండి. నల్లతెర పని ఇంకా నలుగురికి నేర్పాలని వచ్చే ఆదివారం రెండు గంటలకు బుగ్గారం గదిలో కూసుంటున్నం. జగిత్యాల, ధర్మపురి దిక్కు తమ్ముళ్లు చెల్లెళ్లు రావొచ్చు, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.

ఇంకొకటి. ఆ 412లో తొమ్మిది మాటలకు అర్థం చెల్లె రాసుకోలేదు, చెప్పిన తాత లేడు. అవి ఇక్కడ పెట్టొద్దన్నది, ముందు ముసలోళ్లను అడుగుతనన్నది. కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఎవరింట్లనన్న తోలు పని చేసిన తాతలు, అమ్మమ్మలు ఉంటే చెప్పండి. ఆమె వచ్చి కూసుంటది.